లెక్కలో లేని రోగి

2024 ఆగస్టులో అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలోని ఒక పిల్లల వసతి గృహంలో ఆహారం వికటించింది. జబ్బుపడిన పిల్లలలో కొందరు ఇళ్లకు వెళ్లి, వేర్వేరు ఆసుపత్రులలో చేరారు. పసిప్రాణాలు పోయాయి. రోగులు చెదిరిపోతే రోగం జాడ కూడా చెదిరిపోతుంది.

యాడికి వంటి కరవు సీమలో నీటిని నిలవచేసుకోక తప్పదు. యతీంఖానాలోనైనా, వృద్ధాశ్రమంలోనైనా ఒకే తొట్టి, ఒకే వంటగది అందరికీ ఆధారం. అందుకే అక్కడ ఒక రిజిస్టరు ఉండాలని మేము కోరుతున్నాము. వాంతులు, విరేచనాలు ఎవరికి, ఏ గదిలో, ఏ పూట మొదలయ్యాయో, అంతకుముందు ఏమి తిన్నారో అందులో రాయాలి. ఒకేసారి ఇద్దరు ముగ్గురు పడకేస్తే వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెలపాలి. ఈలోగా ఓఆర్ఎస్ ఆపరాదు.

ఆ పుస్తకంలో వంటమనిషి పేరు, ఆయా పేరు కూడా ఉండాలి. నోరోవైరస్ సోకినవారు లక్షణాలు తగ్గిన తర్వాత మరో 48 గంటలు పనికి దూరంగా ఉండాలి. ఈ వైరస్‌కు శానిటైజరు చాలదు, సబ్బు, నీరు కావాలి. అయితే కూలి పోతుందన్న భయంతో ఆమె జబ్బును దాచుకుంటే తప్పెవరిది? ఆ రెండు రోజుల కూలి చెల్లించడం దానం కాదు, ఆశ్రితుల ప్రాణాలను అమానతుగా స్వీకరించినవారి బాధ్యత.