జస్తాకు ధర లేదు, చేతికి ఉంది

మొన్న ఈద్‌కి మా భాంజీ కొత్త లోలాకులు పెట్టుకుని వచ్చింది. బొగ్గులాంటి నలుపు మీద వెంట్రుకంత సన్నటి వెండి తీగ. "బిద్రీ, మామూ! ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా" అంది మురిసిపోతూ. నిజంగానే బాగున్నాయి. డబ్బాలో ఒక కార్డు కూడా ఉంది. పైన డిజైనర్ పేరు. కింద నాలుగు వాక్యాలు. ఎక్కడో దూరం నుంచి వచ్చి, దక్కన్ కోటల శిథిలాల మధ్య తిరిగి, ఆ నల్లరాళ్ల నుంచి, ఆ ఖామోషీ నుంచి ప్రేరణ పొంది చేసిన నగలట. కార్డును అటూ ఇటూ తిప్పి చూశాను. కోట ఉంది, రాయి ఉంది, ఖామోషీ కూడా ఉంది. చేసిన మనిషి లేడు.

మాది జహీరాబాద్. బీదర్ మాకు పరాయి ఊరు కాదు. 1956లో రాష్ట్రాల సరిహద్దులు గీసేదాకా రెండూ ఒకే హైదరాబాద్ రియాసత్‌లో ఉన్నవే. అమ్మీ జహేజ్‌లో ఒక బిద్రీ పాన్‌దాన్ వచ్చింది. అబ్బా జబ్బు పడ్డ ఏడాది ఇంట్లోని బంగారమంతా ఒక్కొక్కటే సేఠ్ దుకాణానికి వెళ్లిపోయింది. చివరికి పాన్‌దాన్ కూడా పట్టుకెళ్లాం. సేఠ్ చేత్తో బరువు చూసి తిరిగిచ్చేశాడు. "జస్తా అమ్మా ఇది, దీనికేమొస్తుంది?" అన్నాడు. ధర లేదు కాబట్టే అది మా ఇంట్లో మిగిలింది. ఇప్పటికీ ఉంది.

జస్తా అంటే జింకు. మన పాతవాళ్లు తుత్తునాగం అనేవాళ్లు. బిద్రీలో సుమారు 16 పాళ్లు జస్తా అయితే ఒక పాలు రాగి. ఇసుకలో ఆముదం, గుగ్గిలం కలిపి అచ్చు చేసి ఈ లోహాన్ని పోత పోస్తారు. ఆకురాయితో నున్నగా రుద్ది, గీత కనపడేందుకు మైలుతుత్తం నీళ్లు పూస్తారు. తర్వాత చేత్తోనే నక్షా గీసి, చిన్న చిన్న ఉలులతో చెక్కి, ఆ గాడిలో వెండి కొట్టి కూర్చోబెడతారు. తీగ పొదిగితే తార్‌కషీ, రేకు పొదిగితే తెహ్‌నిషాన్. అప్పటికి వస్తువు బూడిదరంగులోనే ఉంటుంది, వెండి సరిగ్గా కనిపించదు. అసలు జాదూ చివర్లో. బీదర్ కోటలో ఎండా వానా తగలని పాత చోట్ల మట్టి తెచ్చి, నౌషాదర్ కలిపి మరిగించి అందులో ముంచుతారు. నౌషాదర్ అంటే మన నవాసాగరం. జస్తా నల్లబడుతుంది, వెండి తెల్లగా తేలుతుంది.

ఆ మట్టి పనికొస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? పదిహేనేళ్ల కింద పేపరు కోసం ఫీచర్ రాయడానికి బీదర్ వెళ్లినప్పుడు అక్కడి ఒక ఉస్తాద్‌ను ఇదే అడిగాను. ఆయన చిటికెడు మట్టి తీసి నాలుక మీద పెట్టుకుని, "ఇలాగ" అన్నారు. ఫీచర్ మొదటి వాక్యం అదే పెట్టాను. ఎడిటర్ సాబ్ మెచ్చుకున్నారు. ఆ పేపరు పట్టుకుని మళ్లీ వెళ్లాను. ఆయనకు తెలుగు చదవడం రాదు. ఫొటో కింద వేలు పెట్టి, "మేరా నామ్ కహా హై, బేటా?" అని అడిగారు. అక్కడ ఉన్నది 'బీదర్‌లో ఒక కళాకారుడు' అని. నా నోట్‌బుక్ వెతుక్కున్నాను. అందులోనూ 'ఉస్తాద్' అనే ఉంది. మట్టి రుచి అడిగాను గానీ మనిషి పేరు అడగలేదు. షరం వేసి అప్పుడు కూడా అడగలేకపోయాను. మూడేళ్ల తర్వాత వెళ్తే ఆ దుకాణం మూసి ఉంది.

అందుకే ఆ డిజైనర్‌ను తిట్టే హక్కు నాకు పెద్దగా లేదు. పరదేశీ అని అసలే తిట్టను. బిద్రీ కూడా పరదేశీల చేతుల మీదుగా వచ్చిన హునరే. 15వ శతాబ్దంలో బహమనీ సుల్తాన్లు బీదర్‌ను రాజధాని చేసుకున్నాక ఇరాన్ నుంచి కారీగర్లు వచ్చారని చెప్పుకుంటారు. అదే ఊళ్లో భూమి కింద నీళ్లు నడిపే కరేజ్ ఉంది, అదీ ఇరాన్ ఇల్మే. మదర్సా కట్టించిన మహమూద్ గవాన్ గీలాన్ నుంచి వచ్చినవాడు. కోటలో అలీ బరీద్ షా కాలపు రంగీన్ మహల్‌కు వెళ్లి చూడండి. నల్లరాతిలో ముత్యపుచిప్ప ముక్కలు పొదిగి ఉంటాయి. కొత్త కళ్లకు అక్కడ ప్రేరణ దొరకడంలో వింతేమీ లేదు. కాకపోతే ఆ పాత పరదేశీలు ఇక్కడే ఉండిపోయారు, ఈ మట్టితో పని నేర్చుకున్నారు, ఇక్కడి పిల్లలకు నేర్పారు. అందుకే ఆ పనికి ఇరాన్ పేరు కాకుండా బీదర్ పేరు వచ్చింది.

ఇంకో సచ్ కూడా ఒప్పుకోవాలి. పాన్‌దాన్లు, హుక్కాలు కొనేవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? నగలు కావాలని ఎవరో అడిగితేనే రోజీ. పోత పోసిన జస్తా పెళుసు, బంగారంలా సన్నగా సాగదు, వంగదు. చెవికి వేసే కొక్కెం వెండితోనే చేయాలి. హుక్కా మీద జానెడు జాగాలో పరిచే పూలతీగను బొటనవేలి గోరంత చోటులోకి తేవాలి. ఇదంతా ఆలోచించిన డిజైనర్‌ది కూడా మెహనతే. ఆ పేరు కార్డు మీద ఉండాల్సిందే.

అయితే హిసాబ్ చూడండి. బంగారు నగ బిల్లులో మొదట లోహం ధర, తర్వాత తరుగు, మజూరీ. అక్కడ కారీగర్ చెయ్యి తీసేసినా బంగారం మిగులుతుంది. బిద్రీలో లోహానికి సేఠ్ ఏమీ ఇవ్వడు. వెండి తీగ ఏపాటి? ధరంతా చేతిదే. ఆ చెయ్యి ఎవరిదో చెప్పకపోతే, మనం దేనికి డబ్బు కట్టామో దాన్నే దాచినట్టు.

2006లో బిద్రీకి జీఐ వచ్చింది. మంచిదే. అది ఊరి పేరును కాపాడుతుంది, మనిషి పేరును కాదు. 2023లో షా రషీద్ అహ్మద్ ఖాద్రీ సాబ్‌కి పద్మశ్రీ వచ్చింది. ఖుషీ అనిపించింది. ఆ గల్లీల్లో మట్టి నీళ్లలో చేతులు ముంచే మిగతా కారీగర్లకు అవార్డు అక్కర్లేదు, కార్డు మీద ఒక్క లైను చాలు. చేసినవారు ఫలానా, ఊరు బీదర్. దానికి సర్కారు కానూను కూడా అవసరం లేదు. కొనేవాళ్లు అడిగితే అమ్మేవాళ్లు రాస్తారు.

భాంజీ ఆ రోజే నా ముందు కూర్చుని ఆ కంపెనీకి మెయిల్ పెట్టింది. "వీటిని చేసినవారి పేరు చెప్పగలరా?" అని. మరునాడు జవాబు వచ్చింది. మా నైపుణ్యం గల కళాకారుల బృందం చేసింది, థాంక్యూ అని.

"బృందం అంటే పేరు కాదు కదా మామూ" అంది. మళ్లీ మెయిల్ పెట్టింది. ఇంకా జవాబు రాలేదు. మీ ఇంట్లో కూడా బిద్రీ నగ ఉంటే, మీరూ ఒక మెయిల్ పెట్టండి.