లైసెన్సు అక్కర్లేని తుపాకి

ఎయిర్ గన్ కొనడానికి ఆయుధ లైసెన్సు అక్కర్లేదని మనలో చాలామందికి తెలుసు. 2016 నాటి ఆయుధ నియమావళి ప్రకారం గొట్టం 4.5 మిల్లీమీటర్లకు, శక్తి 20 జౌళ్లకు మించకుంటే చాలు. అయితే లైసెన్సు అక్కర్లేదంటే జాగ్రత్త కూడా అక్కర్లేదని మనవాళ్లు అర్థం చేసుకున్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

సంక్రాంతి సెలవులకు ఊరు వెళ్లినప్పుడు చూడండి. తోటలో కోతుల్ని అదిలించడానికని కొన్న ఎయిర్ గన్ ఏదో ఒక ఇంట్లో పలుగూ పారల పక్కన మూలకి ఆనించి ఉంటుంది. పదేళ్ల పిల్లవాడు దాన్ని తీసుకొచ్చి చెల్లెలి జడకు గురిపెడతాడు. పెద్దలు నవ్వి, "అది ఉత్తిదేలే" అంటారు. ఆ ఉత్తిదాన్నుంచి పెల్లెట్ సెకనుకు 150 మీటర్ల వేగంతో దూసుకురాగలదు. దగ్గరనుంచి తగిలితే చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. మా వైపు ఒక కుర్రవాడికి ఇలాగే ఎడమకన్ను పోయింది. పేల్చినవాడు పగవాడేం కాదు, సొంత పెదనాన్న కొడుకే. గన్‌లో ఏమీ లేదనుకున్నాడట!

మన కళాశాలలో ఎన్.సి.సి. మిత్రులున్నారు. ఫైరింగ్ రేంజిలో .22 రైఫిల్ పట్టుకున్నప్పుడు ఎంత బుద్ధిగా ఉంటారో వారినే అడగండి. గొట్టం మూతి టార్గెట్ వైపే ఉండాలి. కాల్పులు ఆగాక తుపాకి ఖాళీ అయిందని తనిఖీ అవ్వాలి. అధికారి చెప్పేవరకు ఒక్కరూ ముందుకు అడుగు వెయ్యరాదు. అదే కేడెట్ ఇంటికెళ్లి బావమరిది ఎయిర్ గన్ చేతపట్టగానే ఇవన్నీ మరచిపోతాడు. క్రమశిక్షణను ఖాకీ బట్టలతోపాటు మడిచి ట్రంకుపెట్టెలో పెట్టేస్తే ఎలా?

2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రాకు స్వర్ణం తెచ్చింది ఎయిర్ రైఫిలే. 2012లో లండన్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్‌కు కాంస్యం తెచ్చిందీ అదే. ఆ పోటీలో పది మీటర్ల దూరాన ఉన్న టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. అంత గురి ఉన్నవారు సైతం నేటి అంతర్జాతీయ పోటీల్లో పేల్చని సమయాన గొట్టంలో రంగుల సేఫ్టీ ఫ్లాగ్ దూర్చి, గన్ ఖాళీ అని అందరికీ కనబడేట్లు ఉంచాల్సిందే. వారికి లేని ధీమా మనకెందుకు?

మన ఊళ్లల్లో దొరికేవి ఎక్కువగా స్ప్రింగ్ గన్‌లు. గొట్టాన్ని కిందికి వంచితే లోపలి స్ప్రింగ్ నొక్కుకుపోతుంది. ట్రిగ్గర్ లాగగానే అది ముందుకు దూకి గాలిని ఒక్కసారిగా నెడుతుంది. వంచిన గొట్టాన్ని చేత్తో గట్టిగా పట్టుకునే పెల్లెట్ పెట్టాలి. పొరపాటున ట్రిగ్గర్ తగిలిందా, గొట్టం ఎగిరి వచ్చి వేళ్లను నలగ్గొడుతుంది. పెల్లెట్ లేకుండా పేల్చడం గన్‌కే చేటు. స్ప్రింగ్ బిగించి అలాగే వదిలేస్తే అటు స్ప్రింగూ పాడు, ఇటు ఇంటికీ ప్రమాదం. పని అయ్యాక ఖాళీ చేసి బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. పెల్లెట్లు వేరే చోట, తాళంచెవి పెద్దల దగ్గర ఉండాలి. తాళంచెవి బీరువాకే వేలాడుతుంటే తాళం వేసీ వెయ్యనట్లే సుమా!

గురి వెనక ఏముందో చూసుకోవడం మరీ ముఖ్యం. రాతిగోడ, చెరువు నీళ్లు పెల్లెట్‌ను వెనక్కో పక్కకో విసురుతాయి. ఇసుక బస్తా మింగేస్తుంది. కొబ్బరిచెట్టు మొవ్వుకు కొట్టిన పెల్లెట్ గురి తప్పితే ఆకాశంలో ఉండిపోదు, ఎవరి పెరట్లోనో పడుతుంది. జాతరలో బెలూన్ల కొట్టు కుర్రాళ్లు పెల్లెట్లను పెదాల మధ్య పెట్టుకుంటారు. అది సీసం, ఒంటికి విషం. పెల్లెట్లు ముట్టుకున్నాక చేతులు కడుక్కోనిదే మిరపకాయ బజ్జీ జోలికి పోకూడదు.

ఇక పిట్టల వేట. గువ్వనూ చిలుకనూ కొంగనూ కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చట్టం సంగతి అటుంచి, కొమ్మమీద కూర్చున్న గువ్వను కొట్టి ఫోటో దిగేవాణ్ని నేను షూటర్ అనలేను. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో ప్రభుత్వం పిలుపునిస్తే గ్రామస్థులు తమంతట తామే ఎయిర్ గన్‌లు తెచ్చి అప్పగించారు. అడవి పక్షుల కోసం!

అసలు ఎయిర్ గన్‌లే నిషేధించాలనే మిత్రులున్నారు. హాస్టలు గదుల్లో ఉండరాదంటే నేనూ చేయెత్తుతాను. పూర్తిగా వద్దంటే ఒప్పుకోను. నేర్పేచోటు లేకనే కుర్రాళ్లు తోటల్లో పడి నేర్చుకుంటున్నారు. మన జిమ్నాజియం వెనక పది మీటర్ల జాగా ఊరికే పడి ఉంది. దానికి గట్టి వెనకగోడ, ఇసుక బస్తాలు, రెండు రైఫిళ్లు, కళ్లద్దాలు, ఒక ఇనప బీరువా సమకూర్చి, తాళంచెవి ఎన్.సి.సి. అధికారి గారి చేతికివ్వాలని వచ్చే సంవత్సరపు యూనియన్ వారు ప్రిన్సిపాల్ గారిని అడగాలి. ఆడపిల్లలకూ సమానంగా అవకాశం ఇవ్వాలి. మొదటి వారమంతా ఎవరికీ ఒక్క పెల్లెట్ కూడా ఇవ్వకుండా, గన్ పట్టుకోవడమూ దించడమూ మాత్రమే నేర్పించాలి. దానికి విసుక్కుని మానేసేవాళ్లు మానేస్తారు, మానెయ్యనీండి.