నిమిషం ఆటకు నిదానమే పునాది

'ఆలస్యం అమృతం విషం' అన్నారు పెద్దలు. 'నిదానమే ప్రధానం' అన్నదీ వారే. సెల్‌ఫోన్లో నిమిషం చదరంగం ఆడే మన హాస్టల్ మిత్రులు మొదటి సామెతనే పట్టుకున్నారు. ఆ ఆటలో పైకి రావాలన్నా ముందు పట్టుకోవలసింది రెండో సామెతనే అని నా అభిప్రాయం.

ఈ ఆటను బుల్లెట్ అంటారు. ఒక్కొక్కరికి 60 సెకన్లు. ఆట 40 ఎత్తులు సాగితే ఎత్తుకు సెకనున్నర. అంతలో ఆలోచన సాగదు, ముందే తెలిసినది గుర్తుకు రావాలి. 1973లో ఛేజ్, సైమన్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. నిజమైన ఆటలోని స్థితిని 5 సెకన్లు చూపి దాచేస్తే, మాస్టరు చాలా పావులను తిరిగి వాటి గళ్లలో పెట్టగలిగాడు. కొత్త ఆటగాడు కొన్నే పెట్టాడు. పావులను అడ్డదిడ్డంగా పేర్చి చూపితే మాస్టరు కూడా దాదాపు కొత్తవాడిలాగే తడబడ్డాడు. ఎన్నో ఆటల్లో చూసి చూసి కంటికి అలవాటైన అమరికలే అతని బలమన్నమాట. బుల్లెట్‌లో అసలు వేగం అదే. వేలి వేగం దాని తరువాతిది.

రాత్రికి ముప్పై నిమిషం ఆటలు ఆడినంత మాత్రాన ఆ అలవాటు రాదు. ఓడగానే మరో ఆటకు బటన్ నొక్కుతాం, ఎందుకు ఓడామో చూడం. నిన్న చేసిన తప్పే ఇవాళ ఇంకొంచెం వేగంగా చేస్తాం. పైగా ఉదయం క్లాసులో కునికిపాట్లు.

ఒక ఉదాహరణ చెబుతాను. మన దగ్గర రాజు, ఏనుగు ఉన్నాయి. ఎదుటివాడికి రాజు ఒక్కటే మిగిలింది. గడియారంలో మనకు 10 సెకన్లున్నాయి. సరిగా ఆడితే ఎక్కడినుంచైనా 16 ఎత్తులు మించకుండా ఆటకట్టు చేయవచ్చు. ఎత్తుకు అర సెకను చొప్పున 8 సెకన్లు చాలు. పద్ధతి తెలియనివాడు ఊరికే చెక్కుల మీద చెక్కులు ఇచ్చి టైము పోగొట్టుకుంటాడు. ఎదుటివాడి దగ్గర ఒంటరి రాజే ఉంది కాబట్టి ఆట డ్రా అవుతుంది, చేతిలో ఉన్న గెలుపు జారిపోతుంది. ఈ పద్ధతి నేర్చుకోవడానికి ఫోను అక్కరలేదు. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరు చెస్ బోర్డు ముందు కూర్చుంటే చాలు.

'ఆనంద్ కూడా మద్రాసులో తాల్ చెస్ క్లబ్బులో బ్లిట్జ్ ఆడుతూ పెరిగినవాడే కదా' అనవచ్చు. నిజమే. కానీ 1983లో ఆయన 9కి 9 పాయింట్లతో గెలిచిన జాతీయ సబ్‌జూనియర్ పోటీ గంటల తరబడి సాగే ఆటలది. 2003లో, 2017లో ప్రపంచ ర్యాపిడ్ టైటిళ్లు ఆ తరువాత వచ్చినవే. మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్‌ను 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో గెలిచారు. ఇద్దరిలోనూ నిదానం ముందు నడిచింది, వేగం దాని వెనుక వచ్చింది.

అలాగని బుల్లెట్ మానేయమని చెప్పను. ఆ ఆటలో ఎదుటివాడికి మన ఊరు తెలియదు, కులం తెలియదు, మనం హాస్టల్ పిల్లలమని తెలియదు. తెలిసేది మన ఎత్తు ఒక్కటే. 'వెల్ఫేర్ హాస్టల్ వాళ్లా' అని కొందరు ఎలాంటి గొంతుతో అడుగుతారో విన్నవారికి దాని విలువ చెప్పనక్కరలేదు. అందుకే అక్కడ మన గెలుపు ఎదుటివాడి టైము అయిపోయి దొరికినది కాకూడదు, మన ఆటతో వచ్చినది కావాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! నా సలహాలు ఐదే. రోజుకు ఒక్క ఆటైనా బోర్డు మీద అరగంట ఆడండి, ఎత్తులు నోటుపుస్తకంలో రాయండి. బుల్లెట్ ఐదు ఆటలకు మించవద్దు. ఓడిన ఆటను లిచెస్‌లో కంప్యూటర్ ఉచితంగానే విశ్లేషించి చూపుతుంది, అది చూశాకే మరో ఆటకు వెళ్లండి. ఎదుటివాడు ఆడకముందే మన ఎత్తు వేసి ఉంచే ప్రీమూవ్‌ను, తిరిగి కొట్టడం తప్ప వేరే దారి లేనప్పుడే వాడండి. వీలైతే ఎత్తు ఎత్తుకూ ఒక సెకను కలిసే రెండు నిమిషాల ఆట ఎంచుకోండి.

కోచింగ్ ఫీజులు మనం కట్టుకోలేం. కానీ ఊళ్లో డబ్బున్న ఇంటి పిల్లవాడికి కూడా లేనిది మనకుంది: తలుపు తీస్తే ఆటకు తోడు. వచ్చే వార్షికోత్సవంలో ముందు బోర్డు మీద అరగంట ఆటల పోటీ, ఆ తరువాతే బుల్లెట్ పోటీ పెట్టాలని వార్డెన్‌గారికి, విద్యార్థి కమిటీకి నా మనవి. రెండు పోటీల్లోనూ పై వరుసలో ఉండేది ఒకే పేర్లని నా నమ్మకం. కాదన్నవారు బోర్డు తెచ్చుకోండి, ఆడి తేల్చుకుందాం!