పట్టా ప్రతిష్ఠ – పాండిత్య ప్రమాణం

ప్రాచ్య కళాశాలలలో చదివి వచ్చిన అభ్యర్థి అధ్యాపక పదవికై ఎంపిక సంఘం ఎదుట కూర్చున్నప్పుడు అతనికి ఎదురయ్యే తొలి ప్రశ్న తరచుగా "ఏమి చదివారు?" అన్నది కాదు, "ఎక్కడ చదివారు?" అన్నది. కేంద్రీయ విశ్వవిద్యాలయం పేరు వినిపిస్తే సంఘం కొంత సర్దుకొని కూర్చుంటుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయానికి అనుబంధమైన ఒక చిన్న ఊరి కళాశాల పేరు వినిపిస్తే తరువాతి ప్రశ్నలలో అనుమానం తొంగిచూస్తుంది. ఈ అనుమానానికి ఆధారమెంత అన్నది విచారణీయం.

శాసనం దృష్టిలో ఈ తారతమ్యం లేదు. 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం చట్టం 22వ విభాగం పట్టాలను ప్రదానం చేసే అధికారాన్ని కేంద్ర శాసనంతో ఏర్పడిన విశ్వవిద్యాలయాలకూ, రాష్ట్ర శాసనంతో ఏర్పడిన వాటికీ సమానంగానే ఇచ్చింది. అధ్యాపక అర్హతకై జరిపే జాతీయ పరీక్షలో ఇరువురికీ ఒకటే ప్రశ్నపత్రం. కనుక ఘనత అన్నది శాసనం కల్పించినది కాదు, లోకం కల్పించినది.

లోకం కల్పించిన ఘనత ఎంత చంచలమైనదో తెలియడానికి తిరుపతిలోని సంస్కృత విద్యాపీఠమే నిదర్శనం. అది 1961లో కేంద్రీయ సంస్కృత విద్యాపీఠంగా వెలసింది. 1987లో డీమ్డ్ విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందింది. 2020లో పార్లమెంటు చట్టం వలన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమై కేంద్రీయ విశ్వవిద్యాలయాల పంక్తిలో చేరింది. 2019లో అక్కడ వ్యాకరణం చదివి వెళ్ళిన విద్యార్థికీ, 2021లో చదివి వెళ్ళిన విద్యార్థికీ పట్టాపై ముద్ర మారింది. అంతమాత్రాన మొదటివాని మహాభాష్య పరిచయం తక్కువైనదని ఏ వైయాకరణుడూ అనడు.

తెలుగు అధ్యయన చరిత్రలో ఈ విషయమై స్మరింపదగిన ఉదాహరణ రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారిది. మైసూరు పరకాల మఠంలో సంస్కృతం అభ్యసించిన ఆయనకు విశ్వవిద్యాలయ పట్టా లేదు. ఆయన ప్రతిభను గుర్తించి 1912లో మహారాజా కళాశాలలో తెలుగు పండిత పదవి లభించేటట్లు చేసినవారు కట్టమంచి రామలింగారెడ్డి గారు. కట్టమంచివారు కేంబ్రిడ్జిలో చదివి వచ్చినవారు. ఆనాటికి అంతకు మించిన పట్టా ప్రతిష్ఠ మరొకటి లేదు. అట్టివారు ఎదుటి వ్యక్తిలో పట్టాను వెదకక పాండిత్యాన్ని పరీక్షించారు. ఆ నిర్ణయ ఫలితమేమిటో వేమనపై శర్మగారి ఉపన్యాసాలూ, అన్నమాచార్య సంకీర్తనల పరిష్కరణలో ఆయన చేసిన కృషీ చెబుతున్నవి.

ఇట్టి మహనీయులు అపవాదాలు మాత్రమేననీ, అపవాదంతో ఉత్సర్గం బాధితం కాదనీ ఆక్షేపించవచ్చు. ఆక్షేపం యుక్తమే. ప్రతిష్ఠ గల విశ్వవిద్యాలయంలో చదివినవానికి కొన్ని నిజమైన సౌకర్యాలు ఉన్నవి. అక్కడ సమృద్ధమైన గ్రంథాలయం ఉంటుంది, శోధవృత్తి దొరుకుతుంది, ఇతర శాస్త్రాల పండితులతో సంభాషణ సాధ్యమవుతుంది. చిన్న ఊరి ప్రాచ్య కళాశాలలో శబ్దరత్నాకరం ప్రతి ఒక్కటే ఉండి, అదీ పుటలు ఊడి ఉండడం అరుదు కాదు. అయితే ఇది గ్రంథాల కొరతే గాని బుద్ధి కొరత కాదు. దీనికి పరిహారం గ్రంథాలయానికి నిధులు ఇవ్వడం. ఆ కళాశాల విద్యార్థిని ఎంపిక సంఘం ఎదుట చిన్నచూపు చూడడం కాదు.

ప్రాచ్య కళాశాలలు సైతం ఆత్మపరీక్ష చేసుకొనవలసి ఉన్నది. వాటి ఘనత ఒకప్పుడు మూలగ్రంథ పఠనంలో ఉండేది. ప్రబంధం ఒక ఆశ్వాసమైనా పదవిభాగం, అన్వయం, సమాస నిర్ణయం, అలంకార నిరూపణలతో పాఠం నడిచేది. ఇప్పుడు అనేక తరగతులలో ఆ స్థానాన్ని గైడు పుస్తకం ఆక్రమించింది. పద్యం చదవకుండానే పద్య తాత్పర్యం వ్రాయగల విద్యార్థి ఉత్తీర్ణుడవుతున్నాడు. విశ్వవిద్యాలయ ఎం.ఏ. తరగతులలోనూ ఈ దోషం ఉన్నదని చెప్పి సంతృప్తి పడడం తగదు. మూలగ్రంథ పఠనమే తన ప్రత్యేకతగా చెప్పుకొనే సంస్థ దానినే విడిచిపెడితే చెప్పుకొనడానికి వేరొకటి మిగలదు.

కావున కర్తవ్యం ఉభయపక్షాల మీదనూ ఉన్నది. ఎంపిక సంఘాలు విశ్వవిద్యాలయం పేరు కప్పి ఉంచి, అభ్యర్థి ముందు ముందుగా చెప్పని పద్యమొకటీ తాళపత్ర ప్రతి పుట ఒకటీ పెట్టాలి. అన్వయం చెప్పమని, పాఠాంతరం నిర్ణయించమని అడగాలి. అరగంటలో తేలిపోయే విషయాన్ని పట్టాపై ముద్రకు అప్పగించడం సంఘానికే గౌరవం కాదు. ప్రాచ్య కళాశాలలు ఆ అరగంటకు తమ విద్యార్థిని ఐదేండ్లపాటు సిద్ధం చేయాలి. అట్లు సిద్ధమైనవాడు ఏ ఊరి కళాశాల పేరునైనా సంకోచం లేకుండా చెప్పుకొనగలడు.