‘యొక్క’ ఎవరిది, ‘చేత’ ఎవరిది?

మా బడిలో చదువుకొన్న ఒక అమ్మాయి గత మాసంలో కాగితాల కట్టతో మా యింటికి వచ్చింది. అమ్మాయి అంటున్నానే గాని, ఆమెకిప్పుడు నలభై ఏండ్లు దాటాయి. పద్నాలుగేండ్లుగా కుట్టుపని కేంద్రం నడుపుతున్నది. ఆసుపత్రులకు, వసతిగృహాలకు దుప్పట్లు, గలేబులు కుట్టి యిస్తుంది. ఆమె వద్ద పదకొండుమంది ఆడవాళ్ళు పనిచేస్తున్నారు.

“మాస్టారూ, రూల్సన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. నాది ఆడవాళ్ళ సంస్థ అవునో కాదో చదివి చెప్పండి” అన్నది. ఆ మాటకు నవ్వాను. కాగితాలన్నీ చదివిన తరువాత నవ్వు రాలేదు.

విషయం తెలియని మిత్రుల కోసం క్లుప్తంగా చెబుతాను. చిన్న సంస్థల నుండి ప్రభుత్వ కొనుగోళ్ళ గురించి కేంద్ర ప్రభుత్వం 2012లో ఒక ఉత్తర్వు తెచ్చింది. దానిని 2018 నవంబరులో సవరించింది. దాని ప్రకారం కేంద్ర మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్ళలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల వద్ద కొనవలసి ఉంటుంది. ఆ 25లో 3 స్త్రీల సంస్థల వంతు. చిన్న సంస్థలకు టెండరు పత్రాల రుసుము లేదు, ధరావతు లేదు. అత్యల్ప ధర పలికినది పెద్ద సంస్థ అయినప్పుడు, దానికి 15 శాతం లోపు ఎక్కువ పలికిన చిన్న సంస్థ ఆ అత్యల్ప ధరకు దిగివస్తే పనిలో వాటా దక్కుతుంది. వీటన్నిటికీ ఉద్యం నమోదు ఆధారం. 2020 జూలై 1న మొదలైన ఈ నమోదు ఉచితం, స్వీయప్రకటన చాలు.

ఇంతవరకు శ్లాఘనీయమే. చిక్కు ‘స్త్రీల సంస్థ’ అన్న మాటకు చెప్పిన అర్థంలో ఉన్నది. సొంత వ్యాపారమైతే యజమాని స్త్రీ కావాలి. భాగస్వామ్యమైతే స్త్రీల వాటా కనీసం 51 శాతం ఉండాలి. మా అమ్మాయి ఒడంబడికలో భార్యకు యాభై, భర్తకు యాభై అని ఉన్నది. గుడ్డ కొనేది, కత్తిరించేది, కూలి లెక్కలు చూసేది, బాకీల కోసం ఆఫీసుల గుమ్మాలెక్కేది ఆమె. భర్తకు వేరే ఉద్యోగం ఉన్నది. అయినా చట్టం దృష్టిలో అది స్త్రీల సంస్థ కాదు. ఒక్క పాలు తక్కువ!

జీవితమంతా వ్యాకరణం చెప్పినవాణ్ణి గనుక నాకిది విభక్తుల తగాదాగా తోచింది. ‘చేత’ తృతీయ, ‘యొక్క’ షష్ఠి. ఆమె ‘చేత’ నడిచే సంస్థ ఆమె ‘యొక్క’ సంస్థ కాలేకపోయింది. ధ్రువపత్రం చూసేది షష్ఠినే.

దీనికి విపర్యయం కూడా ఉన్నది. నేను ఉద్యోగంలో ఉన్న రోజులలో ఒక సహోపాధ్యాయుడు వడ్డీ వ్యాపారం చేసేవాడు. ప్రభుత్వోద్యోగి వ్యాపారం చేయరాదు గనుక కాగితాలన్నీ భార్య పేర ఉండేవి. ఆ యిల్లాలికి తన వ్యాపారంలో ఎంత సొమ్ము తిరుగుతున్నదో తెలియదు. అటువంటి సంస్థకు నేడు ఈ ధ్రువపత్రం క్షణంలో వస్తుంది. మా అమ్మాయికి రాదు. సర్పంచి కుర్చీలో భార్య, పెత్తనం భర్తది అన్న తంతు మన పల్లెలకు కొత్త కాదు.

అమెరికాలో ఫెడరల్ కాంట్రాక్టులలో 5 శాతం స్త్రీల సంస్థలకు చేరాలన్న లక్ష్యాన్ని 1994 నాటి చట్టం పెట్టింది. అక్కడ 51 శాతం యాజమాన్యంతో సరిపోదు. రోజువారీ నిర్వహణా, దీర్ఘకాలిక నిర్ణయాలూ స్త్రీలవే కావాలి. ఆ కాంట్రాక్టులలో స్త్రీలకే ప్రత్యేకించిన పనులకు 2020 అక్టోబరు నుండి స్వీయప్రకటన చెల్లడం లేదు. అంటే వారు ‘యొక్క’తో పాటు ‘చేత’ను కూడా అడుగుతున్నారు.

మనమూ అడగాలన్నది నా అభిప్రాయం. తనిఖీలు పెడితే మరొక బల్ల, దాని కింద మరొక చేయి మొలుస్తాయని కొందరనవచ్చు. ఆ భయం నాకూ ఉన్నది. అందుకే అందరికీ తనిఖీ వద్దంటాను. స్త్రీల వాటా కింద పని ఖరారు చేసే ముందు మాత్రం ఆ యజమానురాలిని పిలిచి, ఆమె భాషలో పది నిమిషాలు మాట్లాడితే చాలు. దుప్పటికి ఎన్ని మీటర్లు పడుతుంది, కూలి ఎంత, పోయినసారి నష్టం ఎక్కడ వచ్చింది? పాఠం చదివిన పిల్ల ఎవరో, చీటీ చూసి రాసిన పిల్ల ఎవరో కనిపెట్టడానికి ఉపాధ్యాయునికి అంతకన్న ఎక్కువ సమయం పట్టదు. నిబంధనలు తెలుగులోనూ ఉంటే, ఆమె నా వంటివాని గుమ్మం ఎక్కవలసిన పనీ ఉండదు.

ఒడంబడిక మార్చుకొమ్మని ఆమెకు చెప్పి పంపాను. వారం తరువాత భర్త వచ్చాడు. మంచివాడే. “మా యింట్లో నాదీ నీదీ అని లేదు మాస్టారూ. ఒక్క పాలు ఎవరిదైతేనేం?” అన్నాడు.

“ఎవరిదైనా ఒకటే అయితే ఆమెకే రాసివ్వరాదా?” అన్నాను.

కాసేపు తల వంచుకొని కూర్చున్నాడు. “నలుగురిలో చులకనవుతాను” అన్నాడు చివరికి.

అతనికి నీతులు చెప్పే అర్హత నాకెక్కడిది? నేనీ మాటలు రాస్తున్న యిల్లు నా పేర ఉన్నది. స్థలం కొనడానికి అమ్మినవి మా ఆవిడ గాజులు. రిజిస్ట్రేషను నాడు ఆమె పేరు రాయించాలన్న ఆలోచనే నాకు రాలేదు, ఆమె అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు. అతనికి ఈ మాటే చెప్పాను.

ఆ సంస్థవారు సరఫరాదారుల పేర్లు నమోదు చేసుకొనే గడువు దాటిపోయింది. ఆ అవకాశం పోయినట్టే. కాని మొన్న ఆ అమ్మాయి కొత్త ఒడంబడిక తెచ్చి చూపించింది. యాభై ఒకటి, నలభై తొమ్మిది. ఇద్దరి సంతకాలూ ఉన్నాయి.

ధ్రువపత్రం వట్టి కాగితమే కావచ్చు. కాని ఆ యింట్లో పద్నాలుగేండ్లుగా ఎవరూ అడగని ప్రశ్నను అది అడిగింది. మన యిండ్లలోని కాగితాలను కూడా ఒకసారి తీసి చూచుకొందాం.