రుచి చూస్తే తప్పేమిటి?

ఆడవాళ్ల పేజీలో రమ్ము గురించా అని ముక్కున వేలేసుకోకండి. మిమ్మల్ని తాగమని చెప్పడానికి ఇది రాయటం లేదు. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం ఊరూరా పాకినప్పుడు కొంగు బిగించి నడిచిన వాళ్లలో మా పిన్నులూ ఉన్నారు. సీసా కనిపిస్తే ఒళ్లు మండే ఇళ్లలోనే పెరిగాను.

అయినా కిందటేడు టొరంటోలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, పొరుగింటి జమైకా ఆవిడ పన్నెండేళ్లు నిలవున్న రమ్ము ఇస్తే రుచి చూశాను. ఒక్క చెంచాడు, అంతే. ముందు వాసన చూడమంది, అదీ గ్లాసు కాస్త దూరంగా పెట్టి. నారింజ తొక్క, ముదురు బెల్లం పాకం, ఎక్కడో జాజికాయ. నాలుక మీద తియ్యగానే మొదలైంది. మింగాక తెలిసింది అసలు సంగతి. మిరియాల చారు తాగాక గొంతు వెనకాల ఒక మంట నిలుస్తుందే, అచ్చం అదే! చాలాసేపు పోలేదు. మిరియాలు వేస్తారా అని అడిగాను. ఒక్క గింజ కూడా వెయ్యరని నవ్వింది.

మరి ఆ ఘాటు ఎక్కడిది? చెరకు మడ్డిని పులియబెట్టి, బట్టీపట్టి, లోపల కాల్చిన ఓక్ చెక్క పీపాల్లో ఏళ్లతరబడి ఉంచుతారు. లవంగానికి ఆ వాసన తెచ్చే యూజెనాల్ ఓక్ చెక్కలోనూ ఉంటుంది. మెల్లగా అది రమ్ములోకి దిగుతుంది. ఇక మంటంటారా, మిరపకాయ కారాన్ని పసిగట్టే నాడుల్నే ఆల్కహాలూ తట్టి లేపుతుంది. రెండూ కలిసి మిరియం అనిపిస్తాయి. జమైకా వేడికి పీపాలోంచి ఏటా సుమారు 6 శాతం ఆవిరైపోతుంది. పన్నెండేళ్లకి మిగిలేది సగమే. కలిపిన వాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసే సీసా మీద వేస్తారు. (వయసు తగ్గించి చెప్పుకోవడం మనకొక్కరికే అలవాటు కాదన్నమాట!)

ఏ పీపాలోది ఎంత కలపాలో తేల్చేది ముక్కూ నాలుకా. జమైకాలోని ఆపిల్టన్ ఎస్టేట్‌లో 1997లో ఆ పెద్ద బాధ్యత చేపట్టింది జాయ్ స్పెన్స్ అనే ఆవిడ. కెమిస్ట్రీ చదివి, 1981లో అక్కడ చీఫ్ కెమిస్టుగా చేరి, ఓవెన్ టులోక్ అనే ఆయన దగ్గర పదిహేనేళ్లకి పైగా పని నేర్చుకున్నారు. మద్యం పరిశ్రమలో ఆ పదవికెక్కిన మొదటి మహిళ ఆవిడేనంటారు. 1997 అంటే గుర్తుందా? మన ఆడవాళ్లు పోరాడి తెచ్చుకున్న మద్యనిషేధాన్ని ఎత్తేసిన ఏడాది.

ఈ రెంటికీ పొత్తు కుదరదని నేననుకోను. మన పోరాటం రుచి మీద కాదు. కూలి డబ్బు సీసాకి పోవడం మీద, రాత్రిళ్లు పడే దెబ్బల మీద. అసలు ఇంటికి సీసా తెచ్చేవాడికి రుచితో పనేముంది? కూల్‌డ్రింకు కలిపి గటగటా పోసుకోవడమే కదా. అందులో ఏముందో అడిగితే బ్రాండు పేరు తప్ప మరో మాట రాదు. రుచిగా ఉన్నంత మాత్రాన ఒంటికి మంచిదని కూడా నేననను. కానీ ఆడది ఒక్క చెంచాడు రుచి చూసి, ఇందులో జాజికాయ వాసనుంది అంటే కొంప మునుగుతుందా? ఈ సంగతి చెబితే మరిది వరసాయన ఒకరు, “ఈ వయసులో ఇదేం పని వదినా!” అన్నాడు. రోజూ రెండు పెగ్గులు పడందే అన్నం ముట్టడు మహానుభావుడు.

మా అమ్మ జాడీ మూత తియ్యగానే ఆవపిండి పాతదో కొత్తదో చెప్పేసేది. ఆ ముక్కుకి ఎవరూ జీతం ఇవ్వలేదు. ముక్కూ నాలుకా పెట్టుబడిగా చేసే ఉద్యోగాలున్నాయని ఆవిడకెవరు చెప్పారు గనుక! మన దేశంలోనే సునాలిని మీనన్ కాఫీ రుచి చూడటమే వృత్తిగా ఎంచుకుని, ఆసియాలో ఆ పని చేసిన తొలి మహిళగా పేరు తెచ్చుకున్నారు. పులుసు వాసన చూసే ఉప్పు చాల్లేదనే పిల్ల మీ ఇంట్లో ఉంటే, ముందు ఆ చదువుల వివరాలు కనుక్కోండి. రమ్ము సంగతి తర్వాత చూసుకుందాం.