గోతిలో నీరు ఊరినప్పుడు

గోదావరి డెల్టా గ్రామాల్లో వర్షాకాలపు రోజుల్లో తరచు కనిపించే దృశ్యమొకటి ఉంది. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న గృహస్థు పెరటిలో నీటి తొట్టి కొరకు గొయ్యి తవ్వించ మొదలుపెడతాడు. మొదటి 4 అడుగుల వరకు పని చకచకా సాగుతుంది. అయిదవ అడుగున మట్టి రంగు మారి, పార దిగిన చోటల్లా తడి మెరుస్తుంది. మధ్యాహ్నానికి మోకాలి లోతున నీరు నిలుస్తుంది. మేస్త్రి పంపు తెప్పిస్తాడు. రెండు రోజులపాటు పంపు ఆగకుండా నడుస్తుంది. కూలీలు తట్టలకొద్దీ ఇసుక ఎత్తి పోస్తూనే ఉంటారు. గొయ్యి మాత్రం ఒక్క అడుగైనా లోతు కాదు. మూడవనాటి ఉదయం పొరుగింటి ప్రహరీ గోడ మీద నిలువునా ఒక పగులు కనిపిస్తుంది.

గొయ్యి లోతు పెరగనప్పుడు అన్ని తట్టల ఇసుక ఎక్కడి నుంచి వచ్చినట్లు? గోడ కింద నుంచి వచ్చింది. ఆ రెండు రోజులూ గృహస్థు తవ్వించినది తన స్థలాన్ని కాదు, పొరుగువారి పునాదిని.

నేలలో కొంత లోతుకు వెళ్ళాక ఇసుక రేణువుల నడుమ ఖాళీలన్నీ నీటితో నిండి ఉంటాయి. ఆ పై హద్దునే భూగర్భ జలమట్టం అంటాము. గోతిలోని నీటిని తోడివేయగానే చుట్టూ ఉన్న నీరు ఎత్తు నుంచి పల్లానికి పారినట్లే గోతివైపు పారుతుంది. ఎక్కువ భాగం అడుగు నుంచి పైకి ఉబుకుతుంది. నేల గట్టిదైతే నీరొక్కటే వస్తుంది. సన్నని ఇసుక అయితే నీటితోపాటు ఇసుక కూడ లేచి వస్తుంది. అడుగున అన్నం ఉడుకుతున్నట్లు చిన్న చిన్న బుగ్గలు లేవటం దీనికి గుర్తు. అలాంటిచోట నిలబడిన మనిషి కాళ్ళు ఊబిలో వలె దిగబడతాయి.

ఇది ఎప్పుడు సంభవిస్తుందో లెక్క కట్టి చెప్పవచ్చు. మృత్తికా యాంత్రిక శాస్త్రానికి 1925లో వెలువడిన తన గ్రంథంతో పునాది వేసిన కార్ల్ టెర్జాగీ ఈ విషయాన్ని విశదపరచాడు. నీటిలో మునిగి ఉన్న ఇసుక బరువు, ఉత్ప్లవన బలం పోగా, దాదాపు అంతే పరిమాణం గల నీటి బరువుకు సమానంగా మిగులుతుంది. కాబట్టి ఒక అడుగు మందపు ఇసుక గుండా నీరు పైకి వచ్చేటప్పుడు దానిని తోసే నీటి ఎత్తు కూడ ఒక అడుగైతే చాలు, ఆ ఇసుకకు బరువే లేనట్లవుతుంది. పంపు బలం పెంచినకొద్దీ ఈ తేడా పెరుగుతుందే కాని తగ్గదు. పెద్ద పంపు తెప్పిస్తే పని తేలుతుందన్న నమ్మకమే సగం ఇళ్ళలో గోడలు పగలటానికి కారణం.

అన్నిటికంటె చవక అయిన ఉపాయం కాలం చూసుకోవటం. డెల్టా ప్రాంతాల్లో కాలువలకు నీరు వదిలిన నెలల్లో, వర్షాకాలంలో, భూజలం పైకి వస్తుంది. వేసవిలో కాలువలు కట్టివేశాక దిగిపోతుంది. ఇంటిలోనో పొరుగునో బావి ఉంటే తాటికి రాయి కట్టి జారవిడిచి నీటిమట్టం కొలవటానికి అయిదు నిమిషాలు పట్టదు. వైశాఖంలో తడి తగలకుండా ముగిసే పనిని భాద్రపదంలో మొదలుపెట్టి పంపు అద్దెలు కట్టేవారు ఎందరో ఉన్నారు. గట్టి మొరం, రాతి నేలలు గల తెలంగాణా, రాయలసీమ ప్రాంతాల్లో ఈ చిక్కు ఇంతగా లేదు. అక్కడ నీరు రాతి పగుళ్ళ నుంచి వస్తుంది, గోతి గోడలు చాలవరకు నిలుస్తాయి.

తోడక తప్పనప్పుడు తోడే పద్ధతి తెలియాలి. గొయ్యి మధ్యలో గొట్టం పడవేయరాదు. ఒక మూల అడుగుకంటె రెండడుగులు లోతుగా చిన్న గుంట తీసి, అందులో చిల్లులు గల డబ్బానో సిమెంటు వరనో నిలిపి, చుట్టూ కంకర నింపి, దానిలో నుంచి తోడాలి. కంకర ఇసుకను ఆపుతుంది, నీటిని వదులుతుంది. పంపు విడిచే నీటిని గంటకొకసారి బకెట్లో పట్టి కాసేపు కదలకుండా ఉంచాలి. అడుగున ఇసుక పేరుకున్నదంటే పంపు ఆపవలసిందే. ఆ నీటిని గోతి పక్కనే వదిలితే అదే నీరు మళ్ళీ గోతిలోకి వస్తుంది. ఇంత చిన్న సంగతిని మరచి, ఒకే నీటిని నాలుగు రోజులు తోడినవారు కూడ లేకపోలేదు.

గోతిలో నుంచి కాక, గోతికి వెలుపల చుట్టూ సన్నని గొట్టపు బావులు దించి, వాటి ద్వారా తోడటం ఇంకా మేలు. అప్పుడు నీటిమట్టం గోతి అడుగుకంటె కిందికి దిగి, ఇసుక తడిగా ఉన్నా కదలక నిలుస్తుంది. ఇది కొత్త ఉపాయం కాదు. ఇంగ్లండులో లండన్ - బర్మింగ్‌హామ్ రైలు మార్గం వేసేటప్పుడు కిల్స్‌బీ సొరంగంలో ఊబి ఇసుక అడ్డుపడగా, రాబర్ట్ స్టీఫెన్‌సన్ నెలల తరబడి ఇలా బావుల నుంచి నీరు తోడించి, 1838లో ఆ మార్గం పూర్తి చేయించాడు.

మన దేశంలో అంతకంటె పాత పద్ధతి ఒకటి ఉంది. అందులో నీటితో పోరాటమే లేదు. నేల మీద వర నిలిపి, దాని లోపలి మట్టి తీస్తూ పోతే వర తన బరువుతో తానే దిగుతుంది. దాని మీద మరొక వర పెడతారు. బావులు తవ్వే పనివారికి ఇది తరతరాల విద్య. నదీ గర్భంలో వంతెనల పునాదులకు కూడ ఇదే మూలం. లోతు తెలియని ఇసుకలో పునాది నిలపటం ఎట్లాగో కావేరి మీద కల్లణై కట్టిన ప్రాచీనుల నుంచి తాము నేర్చుకొన్నామని ధవళేశ్వరం ఆనకట్ట నిర్మించిన ఆర్థర్ కాటన్ అంగీకరించాడు. వరలు దించేటప్పుడు లోపలి నీటిని తోడివేయకుండా, బయటి మట్టంతో సమానంగానో కొంచెం ఎక్కువగానో ఉంచటం ఇందులోని రహస్యం. రెండు వైపులా నీరు సమానమైతే ఇసుక ఉబకదు. కావలసిన లోతు చేరాక నీటి అడుగునే గొట్టం ద్వారా కాంక్రీటు దించి, అది గట్టిపడే వరకు కొద్ది రోజులు ఆగి, ఆ తరువాత నీరు తోడుతారు. పని నిదానం, గోడలు మాత్రం పగలవు.

గోడ పగిలితే మళ్ళీ కట్టుకోవచ్చు. గోతిలో దిగిన కూలీ సంగతి అట్లా కాదు. తడిమట్టి ఘనమీటరు 2 టన్నులకు దగ్గరగా తూగుతుంది. రొమ్ముల వరకు కూరుకుపోయిన మనిషికి ముఖం బయటనే ఉన్నా ఊపిరి ఆడదు. 1.5 మీటర్లకు మించి లోతున్న గోతికి, గట్టినేల అని నమ్మకం కలిగినా, పక్కలకు పలకలు, అడ్డుకర్రలు బిగించటమో, అంచులను ఏటవాలుగా తీయటమో తప్పదు. తీసిన మట్టిని గట్టునే కుప్ప పోయరాదు. ఆ బరువే అంచును లోపలికి తోస్తుంది. నీరు తగిలిన గోతి నిన్న నిలిచినది కదా అని నేడు నిలుస్తుందనుకోకూడదు.

గాలి విషయం కూడ ఉంది. పాతబావిలో దిగే ముందు దీపం దించి చూడటం, వేపకొమ్మలు తాటికి కట్టి పైకీ కిందికీ ఆడించటం పల్లెల్లో ఉన్న ఆచారం. మంచిదే. అయితే దీపం ప్రాణవాయువు కొరతనే తెలుపుతుంది. నూనె ఇంజనును గోతిలోకి దించి నడిపితే వెలువడే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, దీపం దాన్ని పట్టలేదు. ఇంజను గట్టు మీద, గోతికి దూరంగా ఉండాలి. పాత మరుగుదొడ్డి గోతుల వద్ద అసలు దీపమే వాడరాదు. అక్కడి వాయువు అంటుకొంటుంది. కరెంటు పంపు నడుస్తున్నంతసేపు నీటిలో ఎవరూ నిలబడకూడదు. లోపలి మనిషి స్పృహ తప్పితే రక్షించబోయి వెంటనే దూకినవాడు రెండవ శవమవుతున్నాడు. అందుకే దిగేవాని నడుముకు మోకు ఉండాలి, మోకు రెండవ కొసన పైన మనుషులు ఉండాలి.

మరుగుదొడ్డి నీరు నేలలోకి ఇంకే గొయ్యి అయితే, నీరు తగిలిన క్షణాననే పార కింద పెట్టటం మేలు. ఆ గోతి అడుగుకూ వర్షాకాలపు నీటిమట్టానికీ మధ్య కనీసం 2 మీటర్ల పొడినేల ఉండాలని నిపుణులు చెబుతారు. అది లేనిచోట లోతు తగ్గించి నేలకు పైకి కట్టుకోవాలి. లేకుంటే ఊరంతా తాగే నీటిలోనే మలినం కలుస్తుంది.

తొట్టి కట్టటం ముగిశాక కూడ నీరు ఊరుకోదు. బయటి కొలతలు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు గల కాంక్రీటు తొట్టిని తీసుకోండి. దాని పరిమాణం 12 ఘనమీటర్లు. గోడలు, అడుగు, కప్పు 15 సెంటీమీటర్ల మందమైతే కాంక్రీటు సుమారు 4.2 ఘనమీటర్లు, అంటే 10 టన్నుల బరువు. భూజలం నేల మట్టానికి వస్తే దానిని పైకి తోసే బలం 12 టన్నులు. ఖాళీగా ఉన్న ఆ తొట్టి పడవ వలె తేలటానికి ప్రయత్నిస్తుంది. చుట్టూ ఉన్న మట్టి పట్టు కొంత ఆపినా, ఒక మూల లేచి గొట్టాలు విరిగి, అడుగు చిట్లిన తొట్టెలు లేకపోలేదు. కప్పు వేయక ముందైతే బరువు ఇంకా తక్కువ. అడుగు పలకను గోడల కంటె ఒక అడుగు వెలుపలికి పెంచితే దాని మీది మట్టి బరువు తొట్టిని అదిమి ఉంచుతుంది. పని మధ్యలో వాన పట్టితే తొట్టిలోకి నీరు వదలటమే దారి. ఇన్నాళ్ళూ తోడి పోసిన గృహస్థుకు అది రుచించదు. కట్టిన తరువాత తొట్టి కడగటానికి ఖాళీ చేసే పనిని కాలువలు కట్టివేసిన వేసవిలోనే పెట్టుకోవాలి.